షోలాపూరు నేర్చిన ఒక ఇంగ్లీషు మాట

షోలాపూరు నేతగాళ్ళ వాడల్లోని తెలుగు విద్యార్థి ‘మార్షల్ లా’ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ‘సైనిక శాసనం’ అనో, మరాఠీలో ‘లష్కరీ కాయదా’ అనో అర్థం రాసుకుంటాడు. ఈ ‘మార్షల్’ రోమనుల యుద్ధదేవత మార్స్ పేరునుండి పుట్టింది. సేనాని బిరుదైన ‘మార్షల్’ వేరు. దాని మూలార్థం గుర్రాల సేవకుడు. తెలుగు లిపిలో రెండూ ఒకటే కనుక ఇంగ్లీషు వర్ణక్రమం గమనించాలి.

షోలాపూరు ఈ మాటను 1930 మే నెలలో నేర్చింది. గాంధీజీ అరెస్టుకు నిరసనగా మిల్లు కార్మికులు కదిలారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం మార్షల్ లా విధించింది. పోలీసుల హత్యానేరం మోపి మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడాలను 1931 జనవరి 12న ఉరితీశారు. అర్థం పక్కన ఈ తేదీ కూడా రాసుకోవాలి.