రెండు కుంచాలు

రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ లెక్క మా అమ్మమ్మ బడిలో కాదు, కల్లంలో నేర్చుకుంది. ఎక్కడా రాయని లెక్క ఇంకోటుంది. గన్నవరం దగ్గర ఆవిడ కూలికెళ్లిన ఆసామి ఇంట్లో కుంచాలు రెండు. అప్పు గింజలు తిరిగి కొలుచుకునేది పెద్దది, మాకు కూలి కొలిచేది చిన్నది. పెద్దదాన్ని శిగ పోసి నింపేవాళ్లు, చిన్నదాన్ని తలగొట్టేవాళ్లు. మొదటి కుంచాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఎవరికి లాభమో!

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరులో కిలోలు మొదలై 1962 ఏప్రిల్ నుంచి దేశమంతా తప్పనిసరి అయ్యాయి. బజార్లో వీశె పోయింది. చట్టం మా కల్లందాకా రాలేదు. కొట్లలో రాళ్లకి ముద్రలు చూశారుగానీ, కూలి కొలిచే కుంచానికి ముద్రేదని అడిగిందెవరు?

"కిలోల్లెక్కన ఇప్పించండయ్యా" అని అమ్మమ్మ ఒకసారి అడిగిందంట. "కాటా మీ పల్లెలో ఉందంటే?" అన్నాడంట ఆసామి. మర్నాడు ఆవిణ్ణి కోతకి పిలవలేదు.

తర్వాత్తర్వాత కూలి రూపాయల్లోకి మారింది, వడ్లు 75 కిలోల బస్తాలయ్యాయి. నేల మాత్రం ఎకరాలూ సెంట్లలోనే ఉండిపోయింది. 2020లో సర్కారు పంచిన ఇళ్ల స్థలాలూ అంతే: పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు.