తుపాన్ల శీఘ్ర తీవ్రీకరణ: కంప్యూటర్ అంచనాల చరిత్ర

తుపానులో గరిష్ఠ గాలి వేగం 24 గంటల్లో కనీసం 30 నాట్లు, అంటే గంటకు సుమారు 55 కిలోమీటర్లు పెరిగితే దాన్ని శీఘ్ర తీవ్రీకరణ అంటారు. అట్లాంటిక్ తుపాన్ల రికార్డులను పరిశీలించి జాన్ కప్లాన్, మార్క్ డిమారియా 2003లో స్థిరపరచిన కొలత ఇది. అక్కడ 24 గంటల్లో కనిపించే మార్పుల్లో 95 శాతం దాకా ఈ హద్దుకు లోపలే ఉంటాయి.

తుపాను ఎటు కదులుతుందో చెప్పడం కొంత తేలిక. వేల కిలోమీటర్ల మేర వీచే గాలులే దాన్ని తోసుకుపోతాయి కాబట్టి వాతావరణాన్ని గళ్లుగా విడగొట్టి లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌కు, ఆ గళ్లు ముతకగా ఉన్నా, దారి దొరుకుతుంది. బలం సంగతి అలా కాదు. అది తుపాను నడిమధ్యనున్న ‘కంటి’ చుట్టూ గోడలా లేచే మేఘాల్లో, కొన్ని పదుల కిలోమీటర్ల మేరలోనే తేలిపోతుంది. గడి వెడల్పే 50 కిలోమీటర్లయితే కన్ను అందులో కలిసిపోయి ఆనవాలుకు కూడా దొరకదు. 1990లలో దారి అంచనాలు మెరుగుపడుతూ వచ్చినా తీవ్రత అంచనాలు దాదాపు ఉన్నచోటే ఉండిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

ప్రిన్స్‌టన్‌లోని జీఎఫ్‌డీఎల్ ప్రయోగశాలలో యోషియో కురిహార బృందం తయారుచేసిన మోడల్ 1995లో అమెరికా వాతావరణ సేవల వాడుకలోకి వచ్చింది. తుపానుతోపాటు జరిగే సన్నటి గళ్లు దాని ప్రత్యేకత. అయినా తీవ్రత విషయంలో చాలాకాలం గణాంక పద్ధతులదే పైచేయి. సముద్రపు వేడి, పై పొరల గాలికీ కింది పొరల గాలికీ ఉన్న తేడా వంటివాటిని పాత తుపాన్లతో పోల్చి లెక్కగట్టే ‘షిప్స్’ అలాంటిదే. 2007లో హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్ వచ్చింది. 2012లో దాని లోపలి గడి 3 కిలోమీటర్లకు తగ్గడం అసలైన మలుపు. మరుసటి ఏడాది నుంచి తుపానులోకి దూసుకెళ్లే విమానాల తోక రాడార్ కొలతలూ అందులో చేరాయి.

2023 జూన్‌లో హెచ్‌డబ్ల్యూఆర్‌ఎఫ్‌కు వారసుడిగా హాఫ్స్ మోడల్ వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మెక్సికో పసిఫిక్ తీరంలో ఒటిస్ తుపాను అందరి లెక్కలూ తలకిందులు చేసింది. ప్రధాన మోడళ్లేవీ అంత తీవ్రతను చూపలేదు. 24వ తేదీ మధ్యాహ్నం విమానం లోపలికి వెళ్లాకే ఆ చిన్న తుపాను ఎంత ముదిరిందో బయటపడింది. అర్ధరాత్రి దాటాక గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగపు గాలులతో అది అకాపుల్కో వద్ద తీరం దాటింది.

బంగాళాఖాతంలోనూ ఇలాంటి తీవ్రీకరణ కనిపించింది: 2013 అక్టోబరు 10 ఉదయం నుంచి ఒక్క రోజులో పైలీన్ తుపాను గాలులు 45 నాట్ల నుంచి 115 నాట్లకు పెరిగాయి. ఇక్కడ క్రమం తప్పకుండా తుపాను లోపలికి వెళ్లి కొలిచే విమానాలు లేవు. ఉపగ్రహ చిత్రాలను బట్టి గాలి వేగాన్ని అంచనా కట్టి, దాన్నే మోడల్‌కు అందిస్తారు. గడి ఎంత సన్నబడినా ఆ మొదటి అంకెలోని తేడా తర్వాతి లెక్కలన్నింటిలోకీ పాకుతుంది.