చైనాలో ఆంగ్ల పరీక్ష

పరీక్షలకు చైనా దేశము పుట్టినిల్లు వంటిది. దాదాపు 1,300 ఏండ్లు సాగిన రాజోద్యోగ పరీక్షలు 1905లో రద్దయ్యెను. అంతకు పూర్వమే, 1862లో, దుబాసీలను తయారుచేయుటకై పెకింగు నగరమున తోంగ్వెన్ గ్వాన్ అను విద్యాలయము వెలసి, ఆంగ్లబోధనకు నాంది పలికెను.

విశ్వవిద్యాలయ ప్రవేశమునకు 1952లో దేశమంతటికిని ఒకే పరీక్ష ఏర్పడెను. 1966లో అది నిలిచిపోయెను. 1977లో పునరుద్ధరింపగా సుమారు 57 లక్షల మంది వ్రాసిరి. ప్రవేశము లభించినది 2,70,000 మందికి మాత్రమే. వారిలో అనేకులు చదువు మాని పొలములలో పనిచేసినవారు. అట్టివారికి ఆంగ్లమెట్లు వచ్చును? కావున ఆ మార్కులను ఒక్కసారిగా లెక్కింపలేదు. 1980లో నూటికి 30 వంతులు, 1981లో 50, 1982లో 70, 1983లో పూర్తిగా కలిపిరి. పాఠశాలలు కోలుకొనుటకు గడువు దొరికెను.

వ్యాకరణ సూత్రములు వల్లించినంత మాత్రమున భాష వచ్చునా? ఈ ప్రశ్నతోనే 1985లో గ్వాంగ్డాంగ్ రాష్ట్రమున గుయ్ షిచున్ ప్రభృతులు క్రొత్త పరీక్షను ప్రయోగించిరి. అందు సూత్రజ్ఞానముకన్న భాషను వాడుకొను శక్తికి ప్రాధాన్యము హెచ్చెను. విద్యార్థి అపరిచిత గద్యభాగమును చదివి, భావమును గ్రహించి, ఇచ్చిన సమాధానములలో సరియైనదానిని ఎన్నుకొనవలెను. అయినను గుర్తు పెట్టుట వేరు, స్వయముగా వ్రాయుట వేరు. ఆ కొరతను తీర్చుటకే రచనకును ప్రశ్నపత్రమున చోటు కల్పించిరి. పరీక్ష దేనిని అడుగునో, తరగతిలో దానినే నేర్పుదురు గదా!