కమాండ్ లైన్ సాధనములు – తెలుగు లిపి

తెరపై బొమ్మలును కిటికీలును వచ్చిన పిమ్మటనే కంప్యూటరులో తెలుగునకు చోటు దొరికెననియు, అంతకు ముందటి కమాండ్ లైన్ కాలము కేవలము ఆంగ్లమునకే చెందినదనియు తరచుగా వినవచ్చు చరిత్ర నాకు సమ్మతము కాదు.

ఆ సాధనముల పుట్టుక అందరెరిగినదే. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్‌ను ఆరంభించిరి. డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే కోరిన పైపు 1973లో అందు చేరి, ఒక సాధనము వెలువరించిన పాఠమును వేరొకటి అందుకొను పద్ధతిని స్థిరపరచినది. వెదకు గ్రెప్, లెక్కించు డబ్ల్యూసీ, వరుసపెట్టు సార్ట్ ఆ పద్ధతికి చెందినవే.

తెలుగు విషయమున పరిశీలింపవలసినది విండోస్ ఎక్స్‌పీ వెలువడిన 2001కి ముందటి దశాబ్దము. పుణెలోని సీడాక్ వారి జిస్ట్ కార్డు, డాస్ నడచు యంత్రముల తెరమీదనే భారతీయ లిపులను చూపినది. దానితో ముడివడిన ఇస్కీ సంకేతపద్ధతి 1991లో భారత ప్రమాణమైనది. దాదాపు ఆ కాలముననే, హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు రోమను అక్షరములతో తెలుగు వ్రాయు ఆర్టీఎస్ పద్ధతిని కూర్చిరి; అట్లు వ్రాసిన ఫైలును రిట్ అను ప్రోగ్రాము మార్చియిచ్చెడిది, టెక్ అచ్చునకు సిద్ధపరచెడిది. వ్రాసినది రోమను లిపియే కదా యను ఆక్షేపణ న్యాయమే. తెలుగు రూపు కాగితముమీదనే గాని వ్రాయు తెరమీద కనబడలేదు. అయినను, ఒక సాధనము ముగించినచోట వేరొకటి అందుకొనుట యను యూనిక్స్ ధర్మమే లేకున్నచో, ఏ పెద్ద సంస్థయో తమ లిపిని అనుగ్రహించువఱకు వేచియుండక ఆ ప్రవాసాంధ్రులు తెలుగును అచ్చొత్తుకొనగలిగి యుండెడివారు కారని నా నిశ్చయము.

నేటి స్థితి మాత్రము నాకు తృప్తి నీయదు. యూనికోడు వలనను, 1992లో థామ్సన్, రాబ్ పైక్‌లు కల్పించిన యూటీఎఫ్-8 వలనను తెలుగు ఫైళ్లు ఈ సాధనముల గుండా నేరుగా నడుచుచున్నవి. కాని ఒత్తులును గుణింతములును పెక్కు టెర్మినళ్లలో చెదరి కనబడుచున్నవి. ‘కురిచేడు’ అను ఊరి పేరును డబ్ల్యూసీకిచ్చి చూడుడు: పంక్తి చివరి గుర్తు విడిచినచో, బైట్లడిగిన 24 అనును, అక్షరములడిగిన 8 అనును. ఆ ఊరి బడిలో ఓనమాలు దిద్దిన పిల్లవాడు నాలుగే అనును. గుణింతపు గుర్తును విడి అక్షరముగా నెంచుటయే ఈ భేదమునకు కారణము. గ్రెప్‌లోని పెర్ల్ నియమములతో కురిచేడు నాలుగుగానే విడివడును గాని, ‘మార్కాపురం’ అను ఊరి పేరులోని ‘ర్కా’ను పాత యూనికోడ్ నియమములు రెండుగా చీల్చును. 2023 నాటి యూనికోడ్ 15.1 ఈ దోషమును సవరించినది. ఆ సవరణను ప్రతి సాధనమునను ప్రవేశపెట్టించు పనిని తెలుగు ప్రోగ్రామర్లే చేపట్టవలెను. పరీక్షకు ఈ రెండు ఊళ్ల పేర్లు చాలును.