హుజూర్‌నగర్ గెలిపించుకున్న పట్నం సారు

నిజాం కొమ్ముకాసిన రజాకార్ల దాడుల గాయాలు నల్లగొండ పల్లెల్లో ఇంకా పచ్చిగానే ఉన్న రోజులవి. తొలి సాధారణ ఎన్నికల తర్వాత హుజూర్‌నగర్ శాసనసభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. అక్కడి తెలుగు రైతులు, కూలీలు గెలిపించుకున్నది పట్నం నుంచి వచ్చిన ఒక ముస్లింను, ఉర్దూ కవిని, ఒకప్పటి కాలేజీ అధ్యాపకుణ్ని. ఆయన మఖ్దూం మొహియుద్దీన్.

1908లో ఆందోల్‌లో పుట్టిన మఖ్దూం చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నారు. ఉస్మానియాలో ఎం.ఏ. చేసి, హైదరాబాద్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. అప్పట్లో ఆ కొలువుకు జీతమూ ఉంది, గౌరవమూ ఉంది. కొన్నేళ్లకే దాన్ని వదిలి కార్మికుల్లోకి వెళ్లారు. రాజ్‌బహదూర్ గౌర్ వంటి సహచరులతో కలిసి మిల్లుల్లో, రైల్వేలో సంఘాలు కట్టారు. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు.

1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటనలో కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు ఆయన సంతకమూ ఉంది. ఆ తర్వాత అజ్ఞాతవాసం, 1951లో అరెస్టు.

మరి రజాకార్ల చేతిలో నలిగిన పల్లెలు ముస్లిం అయిన ఆయనను ఎలా నమ్మాయి? ఆ ఊళ్ల మీద పడిన రజాకార్లకు దొరల గడీలే అండ. మరోవైపు, విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి, హత్యకు గురైన బందగీ పేద ముస్లిం రైతు. ‘మా భూమి’ నాటకానికి ఆయన కథే ప్రేరణ. వెట్టి చేయించుకునేది ఎవరో, దాన్ని ఎదిరించేది ఎవరో జనానికి అప్పటికే తెలుసు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో మఖ్దూం, ఆయన సహచరులు ప్రజాస్వామ్య ఫ్రంట్ పేరిట పోటీ చేసినా, ఆ నమ్మకం చెదరలేదు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డది కూడా ఆ తొలి సాధారణ ఎన్నికల్లోనే.

తర్వాత మఖ్దూం వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యలో కొంతకాలం పనిచేశారు. తిరిగి వచ్చాక శాసనమండలిలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడయ్యారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. ‘బిసాతె రక్స్’ కవితా సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం దక్కిందీ ఆ ఏడాదికే.

కులాన్నీ మతాన్నీ కూడికలు వేసి టికెట్లిచ్చే నేటి పార్టీలు హుజూర్‌నగర్ ఉప ఎన్నికను ఒకసారి చదువుకోవాలి. ఓటరు లెక్క వేరుగా ఉండగలదని ఆ ఊళ్లు ఏనాడో తేల్చి చెప్పాయి.