నల్లగొండ, పాలమూరు సీమల బొమ్మబండి

కృష్ణానదికి ఉత్తరమున, రాతిగుట్టలును చల్కా నేలలును తాటివనములును పెనవైచుకొనియున్న నల్లగొండ, మహబూబునగరు (పాలమూరు) జిల్లాలలో, వేసవి వచ్చినదనగా, ముంజలు తిని పారవైచిన తాటికాయలు రెండింటిని ఒక పుల్లకు ఇరువైపుల గుచ్చి, ఆ పుల్లకు నడుమ పొడవైన పంగకఱ్ఱ నొకదానిని తగిలించి, దానిని ముందునకు నెట్టుచు వీధులవెంట పరుగెత్తని పల్లెబాలుడు మొన్నమొన్నటివఱకు అరుదు. నెట్టుటకును, మలుపుటకును, ఆపుటకును ఆ బండికి ఒక్క పంగకఱ్ఱయే సాధనము. ఆ కఱ్ఱకు బదులు కంటికి కానరాని తరంగమును నిలిపి, చేతనున్న చిన్న పెట్టెతో దూరమునందలి కారును నడపుటయే నేడు రేడియో కంట్రోలు కారు అను పేర ప్రసిద్ధమైన వినోదము. ఇందు రెండు విద్యలు కలసియున్నవి: ఒకటి బండి కట్టు విద్య, రెండవది తంతి లేకుండ ఆజ్ఞ పంపు విద్య. మొదటిది ఈ సీమలో పసివాండ్రకు సైతము కరతలామలకము. రెండవది చిరకాలము ప్రభుత్వపు తాళముక్రింద నుండినది. ఆ రెండును ఇచ్చట ఇంత యాలస్యముగా కలసికొనుటకు పేదఱికమొక్కటే హేతువని చెప్పుట సులభమే గాని, అందు శాసనమునకును సగము పాలు కలదని నా యభిప్రాయము.

బొమ్మబండి మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. సింధునాగరికతకు చెందిన స్థలములలో మట్టితో చేసిన చిన్నబండ్లు విరివిగా దొరకినవి. శూద్రకుని మృచ్ఛకటికమున ఆఱవ యంకమందు, పొరుగుపిల్లవాని బంగారుబండితో ఆడుకొనివచ్చి తనకు మట్టిబండి వలదని యేడ్చు చారుదత్తుని కుమారుడైన రోహసేనుని వసంతసేన తన నగలిచ్చి ఊరడించిన ఘట్టము సంస్కృతము చదివినవారెల్ల నెఱుగుదురు. పొరుగువాని కారు తన కారును మించిపోవుచున్నదని నెలకొక మోటారు మార్చు నేటి యువకుని దుఃఖమునకు ఆ రోహసేనుడే మూలపురుషుడని పరిహాసమాడవచ్చును.

అయితే మన సీమలోని బాలురకు బంగారుబండి పొరుగింటను లేదు. వారికి గురువులు ఊరి వడ్లవాడును కమ్మరియును. తుమ్మకఱ్ఱతో కుంభిని తొలిచి, దానిలో ఆకులు దిగగొట్టి, ఇనుపపట్టాను మంటలో ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు తొడిగి, తోడనే నీరు పోయగా లోహము ముడుచుకొని చక్రమంతయు బిగిసిపోవు ఆ పనిని చూచుటకు పిల్లలు గుమిగూడుచుండిరి. ఇరుసునకు కందెన యేల వేయవలెనో, శీల ఊడినచో నేమగునో వారికి పుస్తకముతో పని లేకయే తెలిసినది. జొన్నకోతలైన పిదప సొప్పబెండ్లను విఱిచి, తుమ్మముండ్లను మేకులుగా గుచ్చి, నొగ, కాడి, చక్రములతో సహా వారు కట్టిన బండ్లలో ఆ పరిశీలనమంతయు కానవచ్చుచుండెను. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిన తరువాత, బస్సులు పల్లెదారులకు వచ్చుకొలది బొమ్మబండికిని ఎడ్లు పోయి ముక్కు వచ్చినది. పిమ్మట అరిగిన హవాయి చెప్పులను గుండ్రముగా కోసి చక్రములు చేయుట మొదలైనది. బెండు చక్రము జాఱుననియు, రబ్బరు చక్రము నేలను పట్టుననియు, ముందు చక్రములకంటె వెనుక చక్రములు పెద్దవైనచో ఎగుడు సులభమగుననియు ఈ బాలశిల్పులు కనుగొనిరి. కారుకు నేలను బట్టి టైరు మార్చు నేటి విద్యకు ఇది చిన్న మెట్టు కాదు.

రెండవ విద్య సముద్రముల కావల పుట్టినది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నీటితొట్టియందు ఒక చిన్న పడవను తంతి లేకుండ నడపి చూపెను. అది బొమ్మకారు వఱకు వచ్చుటకు దాదాపు ఏడు దశాబ్దములు పట్టినది. ఏలయన వాల్వుల రేడియోను, దాని బ్యాటరీలను మూరెడు కారు మోయజాలదు. ట్రాన్సిస్టరు వచ్చి ఆ బరువును దించిన పిదప, 1966లో ఇటలీయందలి ఎలెట్రోనికా జియోకట్టోలి యను సంస్థ, అసలుదానిలో పండ్రెండవ వంతు పరిమాణము గల ఫెరారీ కారును చిన్న విద్యుత్తు మోటారుతో విక్రయించెను. జపానునందలి షిజువోకాలో 1946లో కలపమిల్లుగా వెలసి, కొయ్యబొమ్మలకును, పిదప ప్లాస్టిక్కు నమూనాలకును మారిన టామియా సంస్థ, 1976లో విద్యుత్తుతో నడచు పోర్షే 934ను విడిభాగముల పెట్టెగా విపణికి తెచ్చెను. కొన్నవాడే ఒక్కొక్క మరను బిగించి కారును కూర్చుకొనవలెను. అదియే దాని యాకర్షణ. వడ్రంగపుపని నుండి వచ్చినవారికి ఈ రహస్యము తెలియుటలో వింత లేదు.

యంత్రరహస్యము సరళమైనది. పంపు పెట్టె సెకనుకు సుమారు 50 మాఱులు ఒక్కొక్క స్పందమును పంపును. అది 1 మిల్లీసెకను మొదలు 2 మిల్లీసెకనుల వఱకు ఉండును. ఒకటిన్నర యైనచో చక్రములు తిన్నగా నుండును. తగ్గినచో ఒకవైపునకును, హెచ్చినచో వేఱొకవైపునకును మఱలును. కారులోని సర్వో యను చిన్నమోటారు, తానిప్పుడు ఏ కోణమున నున్నదో తనలోని నిరోధకముచే తెలిసికొని, వచ్చిన స్పందముతో పోల్చి, ఆ భేదము తీఱువఱకు తిరుగును. తొలినాళ్ల కార్లు 27 మెగాహెర్ట్జ్ పట్టీలో ఆఱు మార్గములలో పలుకుచుండెను. ఒకే మార్గమున ఇద్దఱు ప్రవేశించినచో ఒకని కారు మఱియొకని యాజ్ఞకు లోబడును గనుక, పోటీలయందు గోధుమ, ఎఱుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలము రంగుల గుర్తులు కట్టుకొనుచుండిరి.

మన దేశమున ఆ పట్టీయే చిరకాలము అందరానిదైయుండెను. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ శాసనము ప్రకారము అనుమతిపత్రము లేక తంతిలేని యంత్రమును కలిగియుండుటయే నేరమైయుండెను. హైదరాబాదు సంస్థానమున 1935 నుండి నిజాం ప్రభుత్వము నడపిన డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలసినది. పల్లెలకు రేడియోలు వచ్చినవి. కాని పాట వినుటకు సైతము తపాలా కచేరికి పోయి ఏటేట లైసెన్సు రుసుము చెల్లించు ఆచారము 1980ల నడిమి దాక సాగినది. వినుటకే ఇంత కట్టడి యుండగా, పంపుట మాట చెప్పనేల? 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడి, పరీక్ష వ్రాసి యనుమతి పొందిన అభిరుచిపరులకు ఒక ద్వారము తెఱచినది. బొమ్మకారు నడుపగోరు పిల్లవానికి ఆ ద్వారము మిక్కిలి యెత్తైనదై తోచెను.

ఈ నడిమికాలమున జాతరలే పాఠశాలలైనవి. కార్తికమున కురుమూర్తి కొండక్రిందను, దురాజుపల్లి పెద్దగట్టు జాతరయందును వెలయు అంగళ్లలో, బారెడు తీగెతో పెట్టెకు కట్టివేయబడిన ప్లాస్టిక్కు కార్లు అమ్ముడుపోవుచుండెను. తీగెకారు రేడియోకారు కాదు. పంగకఱ్ఱకును తరంగమునకును నడిమి దశ. రెండు దినములలో అది పాడగును. మూడవనాడు దానిని విప్పుదురు. విప్పుటతో అసలు విద్య మొదలగును. పాడైన టేపురికార్డరు మోటారును అందులో బిగించుట, దంతచక్రములు చాలక సైకిలు ట్యూబు రబ్బరును పట్టీగా వేయుట, మరమ్మతు దుకాణమువానిని బతిమాలి టంకము పెట్టించుకొనుట, పెద్దవారైన పిదప హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి విడిభాగములు ఏరుకొనుట, ఇవియే ఈ సీమలలో ఆ విద్యకు సోపానములు.

2005లో శాసనపు తాళము ఊడినది. ఆ యేట 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వఱకు గల పట్టీని అల్పశక్తి యంత్రములకు లైసెన్సు లేకయే వాడుకొననిచ్చిరి. పైన జెప్పిన ఆఱు రంగుల మార్గములును దీనిలోనివే. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకిని అదే సంవత్సరమున అట్టి మినహాయింపు లభించినది. ఈ రెండవదియే ముఖ్యము, ఏలయన ఆ పట్టీలో పలుకు కొత్త పెట్టెలు ఖాళీమార్గమును తామే వెదకుకొనుచు, ఒక్కొక్కటి తన కారుతో మాత్రమే జతగూడును గనుక రంగుగుర్తుల యవసరమే లేకపోయెను. లిథియం బ్యాటరీలును, బ్రష్షులు లేని మోటారులును దాదాపు ఆ కాలమందే వచ్చి చేరినవి.

ఈ సీమల నేలకు తగిన కారు ఏదియని యడిగినచో, నునుపుదారిపై దూసుకొనిపోవు కారు కాదందును. చల్కాదుమ్ము బేరింగులలో దూఱి వానిని నెలరోజులలో అరగదీయును. ఇచ్చట రాణించునది క్రాలరు అను జాతి: మెల్లగా పోవును, దంతచక్రముల నిష్పత్తి చేత బలము హెచ్చును, ఎడమ కుడి చక్రములు సమముగా తిరుగునట్లు డిఫరెన్షియలును బిగించివేయుదురు, మెత్తని టైరు రాతిని కఱచిపట్టును. భువనగిరి, దేవరకొండల వంటి నల్లరాతి గుట్టల వాలులను చూచినవాడు, ఈ క్రీడకై అన్యదేశములలో రాళ్లు పేర్చి కృత్రిమముగా కొండలు కట్టుదురని వినినచో నవ్వక మానడు.

ఇంతలో క్రొత్త యడ్డంకి యొకటి వచ్చినది. ఆటవస్తువుల దిగుమతి సుంకమును 2020లో నూటికి 20 నుండి 60కి, 2023లో 70కి పెంచిరి. స్వదేశీయుల బొమ్మల పరిశ్రమకు ఇది మేలో కాదో ఆర్థికవేత్తలు తేల్చుకొందురు గాక; విదేశపు కారును పూర్తిగా కొనుట మాత్రము సామాన్యునకు భారమైనది. అందుచే ఇప్పుడు పలువురు రేడియో, మోటారు, సర్వోలను మాత్రము విడిగా కొని, చట్రమును అల్యూమినియపు పట్టీలతోను, ఒడలిని ప్లాస్టిక్కు పలకలతోను, యంత్రము చేత పొరలుపొరలుగా అచ్చుపోసిన భాగములతోను తామే కట్టుకొనుచున్నారు.