రఫ్తార్ రాయని ఆవాజ్

నాత్‌లు, కవ్వాలీలు మాస్టరింగ్ చేసి ఇవ్వడం నా పేషా. ఈ పనిలో మళ్లీ మళ్లీ వినే షికాయత్ ఒకటుంది: "భాయ్, ఇది మా అబ్బా ఆవాజ్‌లా లేదు." పాడింది ఆయనే, ఫైలూ అదే. కానీ గొంతు బరువుగా, నెమ్మదిగా సాగుతుంటుంది. చాలాసార్లు ఈ మసలా ఒక్క అంకెలో ఉంటుంది. దాని దాస్తాన్ కంప్యూటర్లకన్నా చాలా పాతది.

1902 నవంబర్‌లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి కారీగర్లకు ఎవరి పాటో తెలియాలి కదా! అలా పేరు మిగిలింది, రఫ్తార్ మాత్రం మిగల్లేదు. ఆ జమానాలో నిమిషానికి 78 చుట్లన్నది ఇంకా ఖాయం కాలేదు. 70 నుంచి 80 పైదాకా రకరకాల వేగాల్లో రికార్డు చేసేవారు. 70లో తీసిన ప్లేటును 78లో తిప్పితే గొంతు దాదాపు ఒక పూర్తి స్వరం పైకి ఎక్కుతుంది.

ఆ 78 కూడా మౌసిఖీ కోసం పుట్టిన అంకె కాదు. అమెరికా కరెంటుమీద నిమిషానికి 3,600 సార్లు తిరిగే మోటారును 46:1 గేరుతో తగ్గిస్తే 78.26 వస్తుంది. చేతికి అందిన మషీన్‌ని బట్టి ఆ అంకె స్థిరపడింది.

డిజిటల్ జమానాలోనూ అదే జరిగింది. ఆవాజ్‌ను సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో అదే శాంపిల్ రేట్. మనిషి చెవి మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దాన్ని పూర్తిగా పట్టాలంటే రెట్టింపుకన్నా ఎక్కువసార్లు కొలవాలన్నది నైక్విస్ట్, షానన్‌ల ఉసూల్. అంటే 40,000 దాటితే చాలు. మరి 44,100 ఎందుకు? 1970ల చివర అంత డేటాను దాచే జాగా వీడియో టేపులోనే దొరికింది. టీవీ బొమ్మ గీతల్లో, గీతకు 3 కొలతల చొప్పున ఆవాజ్‌ను నింపారు. అమెరికా, జపాన్ పద్ధతిలో 245 గీతలు, సెకనుకు 60 సార్లు: 3 × 245 × 60 = 44,100. యూరప్ పద్ధతిలో 3 × 294 × 50. హిసాబ్ మళ్లీ 44,100! 1982 అక్టోబర్ 1న జపాన్‌లో అమ్మకానికొచ్చిన సీడీ ఈ అంకెనే విరాసత్‌గా తీసుకుంది. వీడియో పనివాళ్లు మాత్రం 48,000 దగ్గర స్థిరపడ్డారు.

ఈ రెండిళ్ల మధ్యే మన గిరాకీలు నలుగుతున్నారు. ఫైలులో ఉన్నవి వట్టి అంకెలు. వాటిని ఏ రఫ్తార్‌లో చదవాలో ఫైలు మొదట్లో రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ రాతను పట్టించుకోకుండా 48,000 ఫైలును 44,100లో ఆడిస్తే, 5 నిమిషాల నాత్ 5 నిమిషాల 26 సెకన్లు అవుతుంది. గొంతు సుమారు ఒకటిన్నర హార్మోనియం మెట్లు దిగుతుంది. ఉల్టా జరిగితే అదే నాత్ 4 నిమిషాల 35 సెకన్లలో ముగుస్తుంది, పెద్దాయన గొంతు కుర్రవాడిదవుతుంది.

పట్టుకునే తరీఖా ఒకటి చెబుతాను. మన గాయకులు శ్రుతిని "కాలీ ఏక్", "సఫేద్ దో" అని హార్మోనియం మెట్టుతోనే చెబుతారు. రికార్డింగ్‌లోని హార్మోనియం ఏ మెట్టుకూ కలవకుండా సరిగ్గా రెండింటి మధ్య నిలిచిందంటే శాంపిల్ రేట్‌పై షక్ రావాలి. పాత పెట్టె శ్రుతి తప్పి ఉండొచ్చు కాబట్టి నిడివి కూడా అసల్ కాపీతో పోల్చాలి. తప్పు రాత మాత్రమే అయితే దాన్ని సరిచేస్తే చాలు, ఆవాజ్ చెక్కుచెదరదు. నిజంగా 48,000ను 44,100కు మార్చాలంటే కన్వర్షన్ చేయాలి. అది వేరే పని. ఈ రెండింటినీ కలిపేస్తేనే ఖరాబీ.

పోయినవాళ్ల ఆవాజ్ మన చేతిలో అమానత్. గౌహర్ జాన్ ప్లేట్ల రఫ్తార్‌ను ఇవాళ అందాజాగా వెతుక్కోవాల్సి వస్తోంది. మన పిల్లలకు ఆ తిప్పలు వద్దు. అందుకే నేనిచ్చే ప్రతి ఫైలు పేరులోనే శాంపిల్ రేట్ రాస్తాను. సీడీకి 44,100, వీడియోకి 48,000 వేర్వేరుగా ఇస్తాను. అసల్ ఫైలును ముట్టుకోకుండా గిరాకీకే వాపస్ చేస్తాను. మీ ఇంట్లోనూ బుజుర్గుల ఆవాజ్ ఉంటే, ముందు ఆ అంకె చూసి రాసిపెట్టండి.